చలికి ఆగని తుప్పు

2024 వేసవిలో ఉత్తర అట్లాంటిక్ అడుగుకు దిగిన కెమెరాలు టైటానిక్ ముందు భాగాన్ని ఫొటోలు తీశాయి. ఎడమ వైపు రెయిలింగ్‌లో దాదాపు పదిహేను అడుగుల ముక్క ఊడి సముద్రపు అడుగున పడి ఉంది. ఆ వార్త పేపర్లలో వచ్చిన రోజుల్లో తెలిసినవాళ్లు చాలామంది నన్ను ఒకటే ప్రశ్న అడిగారు. "అంత లోతులో, అంత చలిలో కూడా ఇనుము తుప్పు పడుతుందా అండీ?"

నన్నే అడగడానికి కారణం నా ఉద్యోగం. విశాఖపట్నంలో ఓడల అడుగు రేకుల మందం కొలిచి బతికినవాణ్ణి. ఓడ డ్రై డాక్ ఎక్కాక పెంకులు గీకించి, పెయింటు గోకించి, అల్ట్రాసోనిక్ గేజ్ ఆనించి, రేకు ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందో చుక్క చుక్కకూ రాసుకోవాలి. తుప్పు రంగు చూసి నేనెప్పుడూ భయపడలేదు. పుస్తకంలో పడే అంకె తగ్గితేనే భయం.

చలిలో ఏదీ పాడవదని మనందరికీ ఒక నమ్మకం. ఉక్కు విషయంలో అది నిలబడదు. సముద్రపు నీటిలో ఉక్కు రేకు మీద ఒకచోట ఇనుము కరుగుతూ ఎలక్ట్రాన్లు వదులుతుంది. పక్కనే మరోచోట, నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. అందుకునేది లేకపోతే వదలడమూ ఆగిపోతుంది. ఉప్పు వల్ల నీళ్లలో కరెంటు సులువుగా పారుతుంది, అందులోని క్లోరైడు రేకు మీద ఏర్పడే రక్షణ పొరను నిలవనివ్వదు. కానీ పని ఎంత వేగంగా సాగాలో నిర్ణయించేది, రేకు దాకా ఆక్సిజన్ ఎంత చేరుతోందన్నదే.

ముప్పై డిగ్రీల సముద్రపు నీరు లీటరుకు ఆరు మిల్లీగ్రాముల చిల్లర ఆక్సిజన్‌ను పట్టుకుంటే, సున్నా డిగ్రీల దగ్గర అదే నీరు పదకొండుకు పైగా పట్టుకుంటుంది. అంటే చల్లబడే కొద్దీ తుప్పుకు మేత పెరుగుతుంది. కాకపోతే చల్లని నీళ్లలో ఆ ఆక్సిజన్ రేకు దాకా చేరడమూ నిదానమే. ఈ రెండూ ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. అందుకే థర్మామీటరు చూసి ఉక్కు ఆయుష్షు చెప్పలేం.

దీనికి మంచి రుజువు అమెరికా నౌకాదళం 1960లలో కాలిఫోర్నియా తీరాన, పోర్ట్ హ్యూనీమీ దగ్గర చేసిన పరీక్షల్లో దొరికింది. లోహపు ముక్కలను సముద్రంలోకి దింపి నెలల తరబడి వదిలేశారు. 2,500 అడుగుల లోతున నీరు 5 డిగ్రీలు, ఆక్సిజన్ లీటరుకు 0.4 మిల్లీలీటర్లు. 6,000 అడుగుల లోతున నీరు 2.5 డిగ్రీలు, ఆక్సిజన్ 1.2 మిల్లీలీటర్లు. ఉక్కు ఎక్కువగా కరిగింది ఇంకా లోతున, ఇంకా చలిలో ఉన్నచోట. ఆ ఫలితాలు చదివాక నా పనిని నేను చూసే తీరే మారిపోయింది.

టైటానిక్ దాదాపు 3,800 మీటర్ల లోతున ఉంది. అక్కడికి చేరే నీరు ఒకప్పుడు గ్రీన్‌లాండ్, లాబ్రడార్ సముద్రాల ఉపరితలాన చలికాలపు గాలిని నింపుకుని, బరువెక్కి, కిందికి మునిగిన నీరు. అందుకే అంత లోతులోనూ ఆక్సిజన్‌కు కొరత లేదు.

ఇక ఆ ఓడ నిండా వేలాడే తుప్పు ఊడలు. 1985లో రాబర్ట్ బాలర్డ్, ఝాన్ లూయీ మిషెల్ బృందం ఓడను కనిపెట్టాక లోకమంతా చూసినవి అవే. వాటిని ఉత్త తుప్పు అనుకోకూడదు, లోపల జీవం ఉంది. 1991లో రష్యా నౌక కెల్డిష్ యాత్రలో పైకి తెచ్చిన ఊడ ముక్కల నుంచి ఒక బ్యాక్టీరియాను వేరుచేశారు. కెనడాలోని డల్‌హౌసీ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రియెటా మాన్, భవ్‌లీన్ కౌర్, స్పెయిన్‌లోని సెవిల్ శాస్త్రవేత్తలు కలిసి 2010లో దాన్ని కొత్త జాతిగా ప్రకటించారు. పేరు హాలోమోనాస్ టైటానికే. ఊడల్లో అదొక్కటే లేదు. తుప్పు పొర మందమెక్కి కిందికి ఆక్సిజన్ అందనిచోట మరో రకం బ్యాక్టీరియా చేరుతుంది. అది నీటిలోని సల్ఫేటుతో బతుకుతూ హైడ్రోజన్ సల్ఫైడు వదులుతుంది. ఆక్సిజన్ ఆగినా కరగడం ఆగదు. ఓడను నిలకడగా ఉంచే నీళ్లు నింపే బ్యాలస్ట్ ట్యాంకుల్లో తుప్పు పొక్కు పగలగొట్టినప్పుడు కుళ్లిన గుడ్డు వాసన, నల్లటి జిగురు, దాన్ని తుడిస్తే కింద వెండిలా మెరిసే గుంట నేను స్వయంగా చూసినవే. ఆ మెరుపు చూస్తే ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది.

ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ మెల్చర్స్, తుప్పు పని ఆక్సిజన్ నుంచి బ్యాక్టీరియా చేతికి మారే ఈ మలుపును ఏళ్ల తరబడి పరిశోధించారు. ఆయన లెక్క ప్రకారం వెచ్చని నీటిలో అది ఏడాది లోపే వస్తుంది, బాగా చల్లని నీటిలో కొన్నేళ్లు పడుతుంది. చలి వాయిదా వేస్తుంది, అంతే.

మా వృత్తిలో ఉజ్జాయింపు లెక్క ఒకటుంది. నీళ్లలో మునిగి ఉన్న మామూలు ఉక్కు, ఒక్కో వైపున ఏడాదికి సుమారు 0.1 మిల్లీమీటరు పోతుంది. టైటానిక్ పక్క రేకులు పాతిక మిల్లీమీటర్ల మందం. రెండు వైపులా ఆ లెక్కన పోయి ఉంటే ఈపాటికి కాగితంలా మిగలాలి. ఇంకా నిలబడి ఉందంటే అక్కడ అంతకంటే నిదానంగా పోతోందన్నమాట. పైగా ముందు భాగం మొన బురదలో లోతుగా కూరుకుపోయి ఉంది. ముందు పోయేవి పల్చనివే. రెయిలింగులు, గదుల గోడలు, పైకప్పులు.

చల్లటి సముద్రం గురించి ఇంజనీర్లు ఏమనుకుంటారో తెలియాలంటే నార్వేకు చెందిన డీఎన్‌వీ సంస్థ ప్రమాణాలు చూడాలి. సముద్రంలో నిలిపే ఉక్కు కట్టడాలకు జింకు, అల్యూమినియం దిమ్మలు బిగిస్తారు. ఉక్కుకు బదులు అవి కరుగుతాయి. ముప్పై మీటర్ల లోతు వరకు, నీరు 20 డిగ్రీలు దాటినచోట చదరపు మీటరుకు మొదట్లో 150 మిల్లీఆంపియర్ల రక్షణ కరెంటు చాలంటుంది ఆ ప్రమాణం. 7 డిగ్రీల లోపు నీటిలో 250 కావాలంటుంది. వెచ్చని నీటిలో రక్షణ కరెంటు పారే ఉక్కు మీద సున్నపు పొర త్వరగా కట్టి కాపు కాస్తుంది. చలిలో అది సరిగా కట్టదు. మన తీరంలో పనిచేసేవాళ్లకు ఈ సున్నం చేసే మేలు విలువ తెలియదు, ఊరికే వస్తుంది కనుక.

2022 మార్చి 5న అంటార్కిటికా దగ్గర వెడెల్ సముద్రంలో 3,008 మీటర్ల లోతున దొరికిన, ధ్రువ అన్వేషకుడు షాకల్టన్ ఓడ ఎండ్యూరెన్స్ ఫొటోలు చూసి, చలి కాపాడిందని చాలామంది రాశారు. అది కొయ్య ఓడ. అక్కడ కొయ్యను తొలిచే పురుగులు లేకపోవడమే ప్రధాన కారణం. టైటానిక్‌లో లెక్క తిరగబడింది. దాని పైన్ చెక్క డెక్కును ఎప్పుడో జీవులు తినేశాయి, ఉక్కు మెల్లగా పోతోంది, కంచు ప్రొపెల్లరు రెక్క మీద షిప్‌యార్డు వేసిన 401 అన్న అంకె మాత్రం ఇంకా చదవగలిగేట్టుంది.

పోనీ, ఉన్నదాన్ని పైకి తీస్తే? 1998లో పక్క రేకుల్లో సుమారు పదిహేను టన్నుల ముక్కను తీశారు. గాలి తగిలితే ఇలాంటి ఉక్కు కిందకంటే వేగంగా పొరలు పొరలుగా రాలుతుంది. దాని రంధ్రాల్లో దాగిన క్లోరైడు గాలిలోని తేమను లాక్కుని, లోపలి నుంచే పని మొదలుపెడుతుంది. అందుకే ఆ ముక్కను సోడియం కార్బొనేట్ ద్రావణంలో నెలల తరబడి నానబెట్టి, ఉప్పు వదిలించాల్సి వచ్చింది. ఆ తొట్టికీ, అన్ని నెలల ఓపికకూ డబ్బు సిద్ధంగా లేనివాళ్లు అక్కడి నుంచి ఒక్క రివెట్టు కూడా తీయకూడదని నా గట్టి అభిప్రాయం.