దేవణి ఆవు అండం ల్యాబ్‌లో ఎలా మాగుతుంది?

మన జహీరాబాద్ పక్కనున్న బీదర్, లాతూర్ ప్రాంతం దేవణి ఆవులకు పుట్టిల్లు. మంచి ఆవైనా ఏడాదికి ఒక్క దూడనే ఇస్తుంది. దాని అండాలు తీసి ఐవీఎఫ్ చేస్తే, వేరే ఆవుల కడుపున దాని దూడలనే ఎక్కువగా పుట్టించొచ్చు. వీడియోలో చూసేది ఇదే.

తీసిన అండం పచ్చికాయ లాంటిది. 38.5 డిగ్రీల వేడిలో సుమారు 24 గంటలు మాగబెట్టాలి. చిక్కు ఏందంటే, అండాశయంలో ఆక్సిజన్ తక్కువ, బయటి గాలిలో 21 శాతం. ఆక్సిజన్ ఎక్కువైతే ఫ్రీ రాడికల్స్ పెరిగి అండం పొర, డీఎన్‌ఏ దెబ్బతింటాయి. అట్లని అవి అసలు లేకపోయినా కుదరదు, మాగడం మొదలవ్వాలంటే కొన్ని కావాలి. అండంలోని గ్లూటాతయోన్ వాటిని అదుపులో పెడుతుంది. అది పెరగడానికే కొన్ని ల్యాబుల్లో సిస్టియమైన్ కలుపుతారు.

కానీ అండం నెలల తరబడి పెరిగేది ఆవు కడుపులోనే. ఎండలకు అలసిన ఆవు అండాలు వేసవి పోయాక కూడా బలహీనంగా ఉండొచ్చు. పచ్చిమేతలోని విటమిన్ ఈ, బీటా కెరోటిన్ ఎండుగడ్డిలో చాలావరకు పోతాయి. అందుకే అండాలు తీయించాలనుకుంటే నాలుగైదు నెలల ముందు నుంచే నీడ, చల్లటి నీళ్లు, పచ్చిమేత చూసుకోండి.