పాలపళ్ల కోడెకు బరువు కాడి: మంచు హాకీలో కుర్రాళ్ల భవిష్యత్తు

హాకీ అనగానే మన పాఠకులకు పచ్చిక మైదానం, వంపు కర్ర, తెల్లని బంతి గుర్తుకొస్తాయి. కెనడా, అమెరికా దేశాలలో మాత్రం హాకీ అంటే మంచు మీద ఆట. గడ్డకట్టిన నీటిపై, అడుగున ఉక్కు పలకలు బిగించిన బూట్లతో జారుతూ, నల్లని రబ్బరు బిళ్లను కర్రతో కొట్టి గోలు చేస్తారు. గోలీతో కలిపి ఒక పక్షాన ఆరుగురే. భుజాలతో ఢీకొట్టడం ఆటలో భాగం. అందువల్ల పద్దెనిమిదేళ్ల కుర్రాడు ముప్పయ్యేళ్ల వాడి ఎదుట నిలవడం తేలిక కాదు.

అక్కడి నేషనల్ హాకీ లీగులో 32 జట్లున్నాయి. కోట్లు గడించే ఈ జట్లు లేత వయసు ఆటగాళ్లను ఎలా పెంచుతాయి, ఎక్కడ పాడుచేస్తాయి అన్నది ఆలోచించదగిన విషయం.

ఎంపిక పద్ధతి

ప్రతి ఏటా వేసవిలో ఈ లీగు జట్లు పద్దెనిమిదేళ్లు నిండిన కుర్రాళ్లను వరుసగా ఎంచుకుంటాయి. దీనిని డ్రాఫ్ట్ అంటారు. అంతకుముందు ఏడు అట్టడుగున నిలిచిన జట్లకు ముందు ఎంచుకునే వీలుంటుంది. కావాలని ఓడిపోకుండా లాటరీ కూడా తీస్తారు. బలహీన జట్టు కోలుకోవాలన్నదే దీని ఉద్దేశం.

చిక్కు ఇక్కడే వస్తోంది. అందరికంటె మంచి కుర్రాడు అందరికంటె బలహీనమైన జట్టుకు చేరుతున్నాడు. ఆ జట్టులో అతనికి అండగా నిలిచే అనుభవజ్ఞులు తక్కువ. ఓటములతో విసిగిన అభిమానులు కొత్త కుర్రాడు వెంటనే ఆడాలంటారు. ఉద్యోగం నిలుపుకోవలసిన మేనేజరు, కోచ్ కూడా ఆగలేరు. 2005 నుండి జట్టు మొత్తం జీతాలకు పరిమితి ఉన్నందున, తక్కువ జీతానికి దొరికే కుర్రాడు వారికి లాభసాటి కూడా.

దీనికి తోడు ఆనాటి నిబంధన ఒకటి అడ్డు. కెనడా జూనియర్ లీగు నుండి తీసుకున్న కుర్రాడు సాధారణంగా ఇరవై ఏళ్లు వచ్చేవరకు పెద్ద జట్టులోనైనా ఆడాలి, లేదా జూనియర్ లీగుకే తిరిగి పోవాలి. మధ్య మెట్టు వంటి అమెరికన్ హాకీ లీగుకు పంపే వీలులేదు. ఒక చోట ఆట మరీ తేలిక, మరో చోట మరీ కష్టం.

వరుసగా మూడేళ్లు

కెనడాలోని ఎడ్మంటన్ ఆయిలర్స్ జట్టు కథ ఇందుకు నిదర్శనం. 2010లో టేలర్ హాల్, 2011లో ర్యాన్ న్యూజెంట్ హాప్కిన్స్, 2012లో నెయిల్ యకుపోవ్. వరుసగా మూడేళ్లు మొదటి ఎంపిక ఆ జట్టుకే దక్కింది. ముగ్గురినీ తొలి సీజనులోనే పెద్ద ఆటకు దించారు. అయినా 2007 నుండి 2016 వరకు పది సీజన్లపాటు ఆ జట్టు నాకౌట్ పోటీల గడప తొక్కలేదు.

రష్యా నుండి వచ్చిన యకుపోవ్ మొదటి సీజనులో 48 ఆటల్లో 17 గోల్స్ చేశాడు. మరుసటి ఏడు అవి 11కు పడిపోయాయి. బిళ్ల తన దగ్గర లేనప్పుడు ఎదుటివారిని అడ్డుకోవడంలో అతను వెనుకబడ్డాడని విమర్శ. అది నేర్పవలసిన కోచ్‌లేమో నిలకడగా లేరు. నాలుగు సీజన్లలో నలుగురి కిందైనా అతను ఆడవలసి వచ్చింది. 2016లో అతనిని వేరే జట్టుకు ఇచ్చివేశారు. 2018లో, ఇరవై అయిదేళ్లు నిండకముందే, ఆ లీగు విడిచి రష్యా తిరిగి వెళ్లాడు. తప్పంతా జట్టుదే అనడానికి లేదు. కాని పాలపళ్లు రాలని కోడె మెడపై బరువు కాడి మోపి, అరక సాగలేదని కోడెనే తిట్టడం ఏ రైతూ చేయడు.

హాల్‌ను కూడా 2016లోనే వదులుకున్నారు. 2018లో లీగు మొత్తంలో అత్యంత విలువైన ఆటగాడి బహుమతి హాల్‌కు వచ్చింది. అప్పుడు అతను ఆడుతున్నది న్యూజెర్సీ జట్టుకు!

వెనక్కి పంపినా మేలే

కాగా అదే ఎడ్మంటన్ జట్టు ఒకసారి అడుగు వెనక్కి వేసి మేలు పొందింది. 2014లో మూడో ఎంపికగా జర్మనీ కుర్రాడు లియోన్ డ్రైసైటల్‌ను తీసుకుంది. వెంటనే దించితే 37 ఆటల్లో రెండే గోల్స్ చేశాడు. 2015 జనవరిలో అతనిని జూనియర్ లీగుకు తిరిగి పంపారు. అక్కడ కెలోనా జట్టును ఫైనల్ దాకా నడిపించి, మెమోరియల్ కప్ పోటీల ఉత్తమ ఆటగాడయ్యాడు. తర్వాతి సీజను ఆరంభంలో కొన్ని ఆటలు రెండో జట్టులో ఆడి మళ్లీ పైకి వచ్చాడు. 2019-20 సీజనులో 110 పాయింట్లతో లీగులో మొదటి స్థానంలో నిలిచి, అత్యంత విలువైన ఆటగాడి బహుమతి కూడా అందుకున్నాడు. వెనక్కి పంపడం అవమానం కాదని దీనివల్ల తేలింది.

ఓపికకు ఫలితం

అమెరికాలోని డిట్రాయిట్ రెడ్ వింగ్స్ జట్టు తీరు వేరు. 1998లో పావెల్ దట్సుక్‌ను 171వ ఎంపికగాను, 1999లో హెన్రిక్ జెటర్‌బర్గ్‌ను 210వ ఎంపికగాను తీసుకుంది. ఇద్దరినీ తొందరపెట్టలేదు. దట్సుక్ రష్యాలో, జెటర్‌బర్గ్ స్వీడన్‌లో సొంత గడ్డపైనే మూడేళ్లు ముదిరి, 2001, 2002లలో వరుసగా జట్టులో చేరారు. 2008లో జట్టు స్టాన్లీ కప్ గెలిచినప్పుడు ఈ ఇద్దరే దాని వెన్నెముక. నాకౌట్ పోటీల ఉత్తమ ఆటగాడు జెటర్‌బర్గే. అప్పటికే గెలుస్తున్న జట్టు గనుక డిట్రాయిట్ ఆగగలిగింది. అవసరం ఉన్నవాడికి ఓపిక కష్టమన్నది కూడా నిజమే.

పద్దెనిమిదేళ్లకే సిద్ధమైనవారు లేకపోలేదు. 2005లో పిట్స్‌బర్గ్ తీసుకున్న సిడ్నీ క్రాస్బీ మొదటి సీజనులోనే 102 పాయింట్లు సాధించాడు. కనుక వయసు ఒక్కటే కొలత కాదు. ఏ కుర్రాడు ఎప్పటికి సిద్ధమవుతాడో చూసి దించాలి తప్ప, జట్టుకు ఎప్పుడు అవసరమో చూసి కాదు.

ఒక ఎంపిక చెడినా జట్టుకు మరుసటి ఏడు మరో డ్రాఫ్ట్ ఉంటుంది. పద్దెనిమిదో ఏడు మాత్రం ఏ కుర్రాడికైనా ఒక్కసారే వస్తుంది. పెంచే పెద్దలు ముందుగా గుర్తుంచుకోవలసింది అదే.