దించిన కారు – వెనుకసీటు సుఖము

మా మిత్రుడొకనికి తండ్రిగారినుండి ఒక మోరిస్ మైనరు కారు సంక్రమించినది. తండ్రిగారు దానిని కొన్నది ముఖ్యముగా భార్యను గుడివాడలోని పుట్టింటికి తీసికొనిపోవుటకట. మిత్రునకు పాతకార్లపై మక్కువ మెండు. ఇంగ్లండులోని పాతకార్ల ప్రియులు ఈ జాతి కార్లను నేలకు దగ్గరగా దించి నడుపుచుండగా తీసిన ఛాయాచిత్రములు చూచి, తానును తన కారును రెండంగుళములు దింపించెను. కారు చూచుటకు ముచ్చటగానే యుండెను. కాని గుడివాడకు పోయివచ్చిన నాడు తల్లిగారు నడుము పట్టుకొని దిగి, “ఒరే అబ్బాయీ, ఇకమీదట నేను బస్సులోనే పోతాను. మీ నాన్నగారున్నప్పుడు ఈ కారు ఇట్లా ఉండేది కాదురా” అనిరి.

ఆ మాట మిత్రుని మనసులో ముల్లువలె నాటుకొన్నది. మరునాడు మమ్ము పిలిచి వెనుకసీటున కూర్చుండబెట్టి ఊరంతయు త్రిప్పెను. ఆమె పలికినది అక్షరాల నిజమని మా నడుమునకును తెలిసినది. నడుపువానికి మాత్రము అంత తెలియదు. ఏలయనగా ముందుసీటు రెండు ఇరుసులకు నడుమ నుండును. వెనుకసీటో, వెనుక ఇరుసునకు చేరువగా నుండును. వెనుక చక్రమునకు తగిలిన దెబ్బ ఎక్కువగా వెనుక కూర్చున్నవారికే చేరును. ఆ కారును బాగుచేయుటలో మేము తెలిసికొన్న సంగతులే నేటి మా ప్రసంగ విషయము.

మోరిస్ మైనరు 1948లో లండను మోటారు ప్రదర్శనమున తొలిసారి కానవచ్చినది. దాని రూపశిల్పి అలెక్ ఇస్సిగోనిస్. తరువాత 1959లో వచ్చిన ‘మినీ’ కారును సృష్టించినవాడును ఆయనయే. మన దేశమున హిందుస్థాన్ మోటార్సు వారు మైనరును ‘బేబీ హిందుస్థాన్’ అను పేర కొంతకాలము విక్రయించిరి. ఈ కారునకు ముందువైపున మెలిపడు ఉక్కుకడ్డీలు స్ప్రింగులుగా పనిచేయును. వెనుక నిలువెల్ల ఒకటేయైన గట్టి ఇరుసు. దాని క్రింద ఇరుప్రక్కల కమానుకట్టలు. జట్కాబండి ఎక్కిన పెద్దలకు ఈ కమాను క్రొత్త కాదు. కమాను లేని ఎద్దుబండికిని, కమాను గల జట్కాకును గల భేదము వారి ఒంటికి తెలిసినదే.

కమాను మెత్తదనమును కొలుచుట కొక సులభమైన లెక్క కలదు. బండి బరువు పైనబడినప్పుడు కమాను ఎన్ని అంగుళములు క్రుంగునో చూడవలెను. ఆ సంఖ్యయొక్క వర్గమూలముచే 188ని భాగించినచో, బండి నిమిషమునకు ఎన్నిసార్లు ఊగునో రమారమి తెలియును. తొమ్మిది అంగుళములు క్రుంగినచో 63 ఊపులు. నాలుగే క్రుంగినచో 94 ఊపులు. నిమిషమునకు 60 మొదలు 90 వరకు గల ఊపు మన శరీరమునకు హాయిగా నుండును. అంతకు మించినకొలది కుదుపు హెచ్చును.

ఇక కారును దించినప్పుడు జరుగునదేమి? మైనరులో ఇరుసునకును దాని క్రిందనున్న కమానునకును నడుమ ఒక లోహపు దిమ్మ నుంచి దించుదురు. దిమ్మ ఎంత మందమో, కారు అంత క్రిందికి దిగును. ఇందువలన కమాను మెత్తదనమేమియు తగ్గదు. తగ్గునది వేరొకటి: గుంతలో పడిలేచు ఇరుసు పైకి కదలుటకు గల చోటు. ఉదాహరణకు ఇరుసునకును పైనున్న రబ్బరు అడ్డునకును మూడంగుళముల ఎడమున్నదనుకొందము. రెండంగుళముల దిమ్మ వేసినచో ఒక్క అంగుళమే మిగులును. మూడంగుళములలో మెల్లగా ఆగవలసిన దెబ్బను ఒక్క అంగుళములోనే ఆపవలసివచ్చును. అప్పుడు సగటున మూడురెట్లు బలము కావలెను. ఆ బలమే వెనుకసీటు క్రిందినుండి వచ్చు పోటు.

ఇది గ్రహింపక పలువురొక పొరబాటు చేయుదురు. ఇరుసు అడ్డమునకు తగులుచున్నదని కమానుకట్టలో ఒక పట్టీని అదనముగా చేర్చుదురు. మా మిత్రుని కారునకు మరమ్మతుశాలలో చేసినదియు అదే. ఐదంగుళములు క్రుంగవలసిన కమాను ఈ బిగువువలన నాలుగే క్రుంగినచో, 84 ఊపులు 94 అగును. ఇరుసు అడ్డమునకు తగులుట కొంత తగ్గును గాని, చిన్నరాయి మీద ఎక్కినను బండి ఉలికిపడును. అప్పుడప్పుడు తగులు పెద్దదెబ్బను మాన్పబోయి, దారిపొడవునను చిన్నదెబ్బలు కొనితెచ్చుకొన్నట్లయినది.

అట్లని వెనుక కమానును మరీ మెత్తబరచుటయు తగదు. రోల్స్ రాయిస్ సంస్థలో పనిచేసి 1930లో అమెరికాలోని కాడిలాక్ సంస్థకు వెళ్లిన మారిస్ ఓలీ అను ఇంజనీరు ఈ విషయమును ప్రయోగములచే తేల్చెను. మిట్ట మొదట ముందు చక్రములకు తగిలి, పిమ్మట వెనుక చక్రములకు తగులును. వెనుక ఊపు ముందు ఊపుకంటె కొంచెము వడిగా నున్నచో, ఆలస్యముగా మొదలైనను ముందుదానిని అందుకొనును. బండి త్వరగా సమముగా నిలుచును. వెనుకవైపు మరీ మందమైనచో బండి పడవవలె ముందుకును వెనుకకును ఊగులాడును.

మా పని కొలతతో ప్రారంభమైనది. రబ్బరు అడ్డుమీద గోధుమపిండి ముద్దను అంటించి, వెనుకసీటున ఇద్దరిని కూర్చుండబెట్టి, ఎప్పుడును పోవు దారినే ఒక చుట్టు తిరిగి వచ్చితిమి. ముద్ద అప్పడమువలె అణగిపోయినది! ఇరుసు అడ్డమునకు గట్టిగా కొట్టుకొనుచున్నదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? ముద్ద అణగక నిలిచియుండినచో లోపము కమానుపట్టీలలోనో, షాక్ అబ్జార్బరులోనో వెదకవలసియుండును.

మొదట అదనపు పట్టీని తీసివేయించితిమి. పిమ్మట కట్టను విప్పించగా, పట్టీల నడుమ ఏండ్లనాటి త్రుప్పు పేరుకొనియున్నది. కమాను వంగునప్పుడు పట్టీలు ఒకదానిపై నొకటి జారవలెను. త్రుప్పుపట్టినచో అవి అతుకుకొని ఒకే దిమ్మెవలె నుండి, చిన్నదెబ్బలకు వంగనే వంగవు. పట్టీలను రుద్ది శుభ్రపరచి, కొసలలోని పదునైన అంచులను అరగదీయించి, గ్రాఫైటు కలిసిన గ్రీజు పూయించితిమి. పెద్ద ఖర్చేమియు లేని ఈ పనివలననే చిన్నకుదుపులు చాలవరకు మాయమైనవి.

కమాను కొసలలోని రబ్బరు బుష్షులు గట్టిపడి పగిలియుండగా మార్పించితిమి. ఇక్కడ నొక మెళకువ గలదు. కారు జాకీమీద నుండగా ఆ బోల్టులను తుదకంట బిగింపరాదు. చక్రములు నేలనాని బండిబరువు కమానుమీద పడిన తరువాతనే బిగింపవలెను. లేనియెడల రబ్బరు ఎల్లప్పుడును మెలిపడియుండి త్వరలోనే చిరిగిపోవును.

తరువాతిది షాక్ అబ్జార్బరు. కమాను దెబ్బను మ్రింగును. ఊపును ఆపునది మాత్రము ఇదియే. మైనరులో ఇది చేయివంటి మీటతో కదలు పాతరకపుది. లోపలి నూనె సన్నని రంధ్రములగుండా పోవుటలో ఊపు అణగును. మిత్రుని కారులో ఒకవైపు నూనె కారిపోయియుండెను. రెండవవైపు ఎవరో మిక్కిలి చిక్కని నూనె పోసియుండిరి. చిక్కని నూనె ఊపును ఆపునుగాని, చక్రమునకు తగిలిన హఠాత్తు దెబ్బను నేరుగా సీటునకు అందించును. రెంటిని బాగుచేయించి తగిన నూనెయే పోయించితిమి. గొట్టమువంటి క్రొత్తరకపు షాక్ అబ్జార్బరులు అమర్చుకొనువారును కలరు. అట్టివారు ఇరుసు రబ్బరు అడ్డమునకు తగులుటకు ముందే ఆ గొట్టము పూర్తిగా ముడుచుకొనిపోకుండ నిడివి చూచుకొనవలెను.

ఇన్నియు చేసినను అసలు చిక్కు అట్లే యున్నది. పిండిముద్ద ఈసారియు అణగినది. చోటు లేనిచోట ఏ ఉపాయమును చోటును పుట్టింపలేదు. అమెరికాలో 1949 నాటి మెర్క్యురీ మొదలగు కార్లను బాగుగా దించినవారు, ఇరుసునకు పైనున్న ఛాసిస్ దూలమును వంపుగా కోసి, తిరిగి బలపరచి, చోటు కల్పించిరి. మైనరునకు అట్టి విడి ఛాసిస్ లేదు. బాడీయే దాని బలము. దానిని కోయుట అనుభవము లేనివారు తలపెట్టవలసిన పని కాదు. కనుక రెండంగుళముల దిమ్మ తీసి ఒక అంగుళపు దిమ్మ వేయుమని మిత్రునకు చెప్పితిమి. ఆతని ముఖము చిన్నబోయినది. “ఒక్క అంగుళమే గదా!” అనెను. “బయట నిలిచి చూచువానికి ఒక అంగుళమే, లోన కూర్చున్న మీ అమ్మగారికి ఉన్న చోటు రెట్టింపగును” అంటిమి. కొంతసేపు ఆలోచించి అంగీకరించెను. గట్టి రబ్బరు అడ్డునకు బదులు, మొదట మెత్తగా తాకి క్రమముగా గట్టిపడు శంకువు ఆకారపు రబ్బరు పెట్టించితిమి. చక్రములకు వేసిన వెడల్పు టైర్లు తీసి, వెనుకటి ఎత్తైన టైర్లే తగిన గాలితో మరల వేయించితిమి. ఎత్తైన టైరు ప్రక్కగోడ కూడ నొక చిన్న కమానువంటిదే గదా!

ఈ పనికి పూనుకొనువారు కొన్ని సంగతులు మరువరాదు. కమానును మంటతో కాల్చి వంపు తీయరాదు. ఉక్కు పదును చెడి దారిలో విరుగవచ్చును. చెక్కదిమ్మలు వేయరాదు, ఒక దిమ్మపై మరియొకటి పేర్చరాదు.  దిమ్మకు తగిన పొడవైన యూ బోల్టులు వాడవలెను. బ్రేకు గొట్టము ఎక్కడను ఒరయకుండ చూడవలెను. రబ్బరు అడ్డమును తీసివేసి చోటు సంపాదింపజూచుట మిక్కిలి ప్రమాదము. ఇనుము ఇనుమునకే తగులును. ఇదిగాక, 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము వాహనమునందలి మార్పులను గూర్చి నియమములు విధించినది. పనికి ముందే రవాణా కార్యాలయమున విచారించుట మేలు.

మరల ఒక ఆదివారమున మిత్రుడు తల్లిగారిని గుడివాడకు తీసికొనిపోయెను. తిరిగివచ్చినప్పుడు మేము వాకిటనే యుంటిమి. ఆమె కారును గూర్చి ఒక్క మాటయైన అనలేదు. చేతిసంచి అందుకొని నిటారుగా దిగి, “దారిలో చెరకు నరుకుతున్నారురా, మీ నాన్నగారైతే బండి ఆపేవారు” అని లోనికి పోయిరి. దారి ప్రక్క పొలములు చూచునంత నెమ్మది ఆమెకు వెనుకసీటున చిక్కినది. మా మిత్రుడు కారువంక చూచి, దిమ్మ తీసిన అంగుళమును మరచిపోయి నవ్వెను.