రొమ్మెముక వెనక నీటితిత్తులు

రొమ్మెముకకు వెనక, గుండెకు ముందు, రెండు ఊపిరితిత్తుల నడుమ ఇరుకైన చోటు ఒకటుంది. థైమస్ గ్రంథి, కొంత కొవ్వు, లింఫు గ్రంథులు అందులో సర్దుకుని ఉంటాయి. అక్కడ నీటితిత్తి ఏర్పడినా చాలామందికి ఏళ్ల తరబడి తెలియదు. ఉద్యోగంలో చేరేముందో, వేరే ఆపరేషన్ కోసమో తీసిన ఎక్స్‌రేలో నీడలా బయటపడుతుంది. విజయవాడ బెంజ్ సర్కిల్ వైపు కృష్ణా డెల్టా ఊళ్ల నుంచి స్కానింగ్‌కు వచ్చేవారికి ‘ఛాతీలో గడ్డ’ అన్న రిపోర్టు అందితే చాలు, క్యాన్సరేమోనని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తుతారు. నిజానికి ముందు తేలాల్సింది లోపల ఉన్నది నీరా, కండా అన్నది.

ఈ తిత్తుల్లో కొన్ని పుట్టుకతో వచ్చినవే. పిండం ఎదిగేటప్పుడు థైమస్ మెడ నుంచి ఛాతీలోకి దిగుతుంది. ఆ దారిలో మిగిలిపోయిన కణజాలం పల్చటి గోడ ఉన్న తిత్తి అవుతుంది. గుండె పొర నుంచి పుట్టే తిత్తి సాధారణంగా కుడివైపు, గుండె కింది మూలలో కనిపిస్తుంది. డెర్మాయిడ్ అనే తిత్తి తీరు వేరు. అందులో కొవ్వు, వెంట్రుకలు, ఒక్కోసారి పళ్లు కూడా ఉంటాయి. అది శ్వాసనాళంలోకి పగిలితే దగ్గులో వెంట్రుకలు పడటం అరుదుగా జరుగుతుంది.

సీటీ స్కాన్‌లో మామూలు నీటితిత్తి సాంద్రత 0 నుంచి 20 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల మధ్య ఉంటుంది. అయితే తిత్తిలోకి రక్తం దిగినా, మాంసకృత్తులు చేరినా ఆ అంకె పెరిగి కండగడ్డలా కనిపిస్తుంది. కణితి అనుకుని థైమస్‌ను తీసేశాక, అది ఉత్త నీటితిత్తేనని తేలిన సందర్భాలు వైద్య సాహిత్యంలో తక్కువేమీ కాదు. అందుకే అనుమానం మిగిలితే కత్తి పట్టే ముందు ఎంఆర్‌ఐ తీయించడం మేలు. రంగుమందు ఎక్కించినా తిత్తి లోపలి ద్రవం వెలగదు. గోడకు బుడిపెలో, మందమైన అడ్డుగోడలో ఉండి అవి వెలిగితే మాత్రం తాత్సారం కూడదు. థైమస్ కణితి కూడా కొన్నిసార్లు నీటితిత్తి రూపంలోనే ఉంటుంది. యువకుల్లో కణితి జాడను పట్టే ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ రక్తపరీక్షలు అవసరం కావచ్చు. కనురెప్పలు వాలిపోతున్నా, సాయంత్రానికి కండరాలు నీరసిస్తున్నా మయస్తీనియా అనే కండరాల బలహీనత జబ్బు ఉందేమో పరీక్ష చేయాలి.

సూది గుచ్చి నీరు తీయడానికి తొందరపడకూడదు. గొర్రెల పెంపకం, కుక్కల సహవాసం ఉన్నచోట బద్దెపురుగు వల్ల హైడాటిడ్ తిత్తి వచ్చే వీలుంది. మన దేశంలో ఆ జబ్బు ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఛాతీ మధ్యలో అది అరుదే అయినా, గుచ్చినప్పుడు ద్రవం చిందితే ప్రాణాంతకమైన అలర్జీ రావచ్చు, కొత్త తిత్తులూ పుట్టవచ్చు.

పల్చటి గోడతో, ఏ బాధా పెట్టని నీటితిత్తిని అప్పుడప్పుడు స్కాన్ తీస్తూ గమనిస్తే చాలు. అది పెరుగుతున్నా, దగ్గు, ఆయాసం, నొప్పి తెస్తున్నా, కచ్చితంగా ఏమిటో తేలకపోయినా ఆపరేషన్ చేస్తారు. డెర్మాయిడ్ అయితే బాధ లేకున్నా తీసేయడమే మంచిది. చిన్నవాటికి పక్కటెముకల మధ్య రెండు మూడు రంధ్రాలు చేసి, కెమెరా సాయంతో తీసే పద్ధతి సరిపోతుంది. పెద్దవైనా, రక్తనాళాలకు అతుక్కున్నా రొమ్మెముకను కోయాల్సి వస్తుంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడని రోగి ఆ మాట మత్తు డాక్టరుకు తప్పక చెప్పాలి. మత్తులో పెద్ద గడ్డ శ్వాసనాళాన్ని నొక్కేయగలదు. గోడ గుండెకో, ఉదరవితానానికి వెళ్లే నరానికో అంటుకుని ఉంటే బలవంతంగా లాగకుండా, ఆ చిన్న ముక్కను అక్కడే వదిలేయడం కొన్నిసార్లు తప్పదు. తీసిన తిత్తిని పెథాలజీ పరీక్షకు పంపుతారు. మామూలు తిత్తి అని తేలి, మొత్తం తొలగిస్తే మళ్లీ రావడం చాలా అరుదు.