మద్యపాన వ్యసనము: శరీరము, కుటుంబము, కాపరి బాధ్యత

ఉపోద్ఘాతము

ఉజ్జీవ కూటాల చివరి రాత్రి ఒక సహోదరుడు ముందుకు వచ్చి మోకరిస్తాడు. ఇక జన్మలో మందు ముట్టనని కన్నీటితో ప్రమాణం చేస్తాడు. కాపరి అతని తలమీద చేయి ఉంచి ప్రార్థిస్తాడు, సంఘమంతా దేవుని స్తుతిస్తుంది. మరునాడే అతని చేతులు వణకడం మొదలవుతుంది. రాత్రి నిద్ర పట్టదు. మూడవ రోజుకు గోడమీద లేని పురుగులు కనబడతాయి, ఎవరో పిలుస్తున్నట్టు వినబడుతుంది. కొందరికి మూర్ఛ కూడా వస్తుంది. ఇంటివారు దయ్యం పట్టిందని భయపడతారు, లేదా ఆ బాధ చూడలేక వారే మళ్లీ మందు తెచ్చి పోస్తారు. మొదటి దారిలో ప్రాణాపాయం ఉంది. రెండవ దారిలో వెళ్లినవానిపై "మాట తప్పినవాడు" అనే ముద్ర పడి, అతడు సంఘానికి ముఖం చాటేస్తాడు.

గ్రామ పరిచర్యలో ఉన్నవారికి ఇది కొత్త సంగతి కాదు. ఆ సహోదరుని పశ్చాత్తాపము నిజమైనదే. కాని ఏళ్ల తరబడి మద్యానికి అలవాటుపడిన శరీరము ఒక్క రాత్రిలో మారదనే సంగతి అతనికీ, ఇంటివారికీ, కాపరికీ ఎవరూ చెప్పలేదు. మద్యపాన వ్యసనము విషయంలో పశ్చాత్తాపము, వైద్యము ఒకదానికొకటి పోటీ కావనీ, తాగేవాడు మానినా మానకపోయినా అతని భార్యాపిల్లలు సంఘ సంరక్షణకు అర్హులనీ చూపించడమే ఈ వ్యాస ఉద్దేశము.

1. సమస్య ఎంత పెద్దది?

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో వెలువడింది. దాని ప్రకారం మన దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. వారిలో 5.7 కోట్ల మందికి ఆ తాగుడు సమస్యగా మారింది. మద్యంపై పూర్తిగా ఆధారపడిపోయిన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక రకమైన చికిత్స అందింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 ఏళ్లు పైబడిన పురుషుల్లో మద్యం తాగేవారు తెలంగాణలో సుమారు 43 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 23 శాతం అని తేలింది. ఆదివారం మన ఎదుట కూర్చునే కుటుంబాలు కూడా ఈ లెక్కల్లో ఉన్నాయని మరువరాదు.

"నేను కొంచెమే తాగుతాను" అనే మాట కాపరి తరచుగా వింటాడు. ఆ కొంచెము ఎంతో లెక్క తెలిసి ఉండటం మంచిది. వైద్యులు సుమారు 10 గ్రాముల శుద్ధ ఆల్కహాలును ఒక యూనిట్‌గా లెక్కిస్తారు. 180 మిల్లీలీటర్ల విస్కీ క్వార్టర్‌లో దాదాపు 6 యూనిట్లు ఉంటాయి. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో దాదాపు 4 యూనిట్లు ఉంటాయి. బీరు మందు కాదనుకోవడం కేవలం భ్రమ.

తాగే ప్రతివాడూ వ్యసనపరుడు కాడు. ఆ భేదము గుర్తించడానికి 1984లో డాక్టర్ జాన్ యూయింగ్ వైద్యులకు పరిచయం చేసిన నాలుగు ప్రశ్నలు కాపరికీ ఉపయోగపడతాయి. తాగుడు తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? ఇతరులు నీ తాగుడును విమర్శిస్తే కోపం వచ్చిందా? తాగినందుకు తప్పు చేశాననిపించిందా? వణుకు తగ్గడానికో, తలనొప్పి పోవడానికో తెల్లవారగానే తాగావా? వీటిలో రెండింటికి అవునని జవాబు వస్తే విషయం తీవ్రంగా ఆలోచించవలసినదే. నాలుగవదానికి అవునంటే శరీరమే మద్యానికి బానిస అయ్యే అవకాశం ఎక్కువ. ఈ ప్రశ్నలు ఏకాంతంలో, నెమ్మదిగా అడగాలి. నలుగురిలో అడిగితే నిజం రాదు.

2. శరీరము మీద ప్రభావము

తాగిన మద్యంలో అధిక భాగాన్ని కాలేయమే విరగ్గొడుతుంది. ఆ క్రమంలో ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థము పుడుతుంది. తాగుడు కొనసాగే కొద్దీ కాలేయానికి కొవ్వు పడుతుంది, తరువాత వాపు వస్తుంది, చివరకు అది గట్టిపడి సిరోసిస్ అవుతుంది. కొవ్వు పట్టిన దశలో మానివేస్తే కాలేయము చాలావరకు కోలుకుంటుంది. సిరోసిస్ దశకు చేరితే పచ్చకామెర్లు, పొట్టలో నీరు చేరడం, రక్తపు వాంతులు కనబడతాయి. ఆ దశలో కూడా మానడం ఆయుష్షు పెంచుతుంది గనుక "ఇక మాని ఏం లాభం" అనే మాటను అంగీకరించరాదు.

మద్యం క్లోమ గ్రంథికి వాపు తెస్తుంది, రక్తపోటు పెంచుతుంది, గుండె కండరాన్ని బలహీనపరుస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్య పానీయాలను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయము, పెద్దపేగు, స్త్రీలలో రొమ్ము క్యాన్సర్లకు దానితో సంబంధముంది. ఆరోగ్యానికి హాని లేనంత మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది. గర్భిణి తాగితే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది.

అన్నం మానేసి తాగేవారిలో థయామిన్ అనే బి1 విటమిన్ లోపిస్తుంది. దానివలన నడక తడబడటం, చూపు చెదరడం, జ్ఞాపకశక్తి నశించడం జరుగుతుంది. వెంటనే చికిత్స అందకపోతే ఆ మరుపు శాశ్వతమవుతుంది. అట్టివాడు చెప్పిన మాట మరచిపోతే అది మొండితనము కాకపోవచ్చు, మెదడుకు తగిలిన గాయము కావచ్చు.

3. హఠాత్తుగా ఆపితే ఏమి జరుగుతుంది?

మద్యం మెదడు పనిని మందగింపజేస్తుంది. దాన్ని తట్టుకోవడానికి మెదడు రోజురోజుకూ తన వేగాన్ని పెంచుకుంటుంది. ఒక్కసారిగా మద్యం ఆపితే పెరిగిన ఆ వేగానికి అడ్డు ఉండదు. ఆపిన కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు, ఆందోళన మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు. రెండు నుండి నాలుగు రోజుల మధ్య కొందరికి డెలీరియం ట్రెమెన్స్ అనే తీవ్రస్థితి కలుగుతుంది. మతి తప్పడం, లేనివి కనబడటం, జ్వరం, గుండె దడ దాని లక్షణాలు. చికిత్స లేకపోతే అది ప్రాణం తీయగలదు. ఆసుపత్రిలో అయితే తగిన మాత్రలు, థయామిన్, ద్రవాలు ఇచ్చి సాధారణంగా వారం పది రోజుల్లో ఈ దశ దాటిస్తారు.

మన ప్రాంతంలో దీనికి సాక్ష్యాలున్నాయి. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు, అందులో కలిపిన మత్తుమందులకు అలవాటుపడినవారు వింత ప్రవర్తనతో, మూర్ఛలతో మహబూబ్‌నగర్, నిజామాబాద్ ప్రాంతాల ఆసుపత్రులకు చేరారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇటువంటి రోగుల తాకిడి పెరిగింది. కాబట్టి రోజూ తాగేవానిచేత ప్రమాణం చేయించే ముందే వైద్యుని సంప్రదించడం అవిశ్వాసము కాదు, వివేకము.

మరొక హెచ్చరిక. భర్తకు తెలియకుండా కూరలో కలిపే "మందు మాన్పించే పొడి" గురించి స్త్రీలు అడుగుతుంటారు. డైసల్ఫిరామ్ అనే ఔషధాన్ని వైద్యులు రోగి అంగీకారంతో, పరీక్షలు చేసి ఇస్తారు. దాని మీద తాగితే వాంతులు వస్తాయి, రక్తపోటు పడిపోతుంది, ప్రాణాపాయం కూడా కలగవచ్చు. ఏమి ఉన్నదో తెలియని పొడిని రహస్యంగా పెట్టడం మరీ ప్రమాదకరము.

4. కుటుంబము మీద ప్రభావము

మద్యం సీసా ఒకరి చేతిలో ఉన్నా మత్తు ఇంటిల్లిపాదినీ తాకుతుంది. కూలి డబ్బు బెల్టు షాపులో ఆగిపోతుంది, పిల్లల ఫీజు, బియ్యం అప్పుగా మారతాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, భర్త తరచుగా తాగి మత్తులో ఉండే స్త్రీలలో సుమారు 70 శాతం మంది భర్త చేతిలో హింస అనుభవించారు. భర్త తాగని స్త్రీలలో అది 23 శాతం.

భార్య అతని తప్పులను కప్పిపుచ్చడం నేర్చుకుంటుంది. పనికి రాలేదేమని మేస్త్రీ అడిగితే జ్వరమని చెబుతుంది. అప్పు తానే తీరుస్తుంది. ప్రేమతో చేసే ఈ పనులవలన అతడు తన తాగుడు ఫలితాన్ని ఎన్నడూ చూడడు. పెద్దకొడుకు పదేళ్లకే ఇంటి పెద్ద అవుతాడు. చిన్నపిల్ల తలుపు చప్పుడుకే ఉలిక్కిపడుతుంది. వ్యసనానికి లోనయ్యే గుణంలో దాదాపు సగం వంశపారంపర్యమని కవలలపై జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. మిగిలిన సగం ఇల్లు, స్నేహాలు, పరిసరాలు. అక్కడ సంఘము చేయగలిగినది ఎంతో ఉంది.

ఈ బాధ ఎంత లోతైనదో మన చరిత్రే చెబుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వయోజన విద్యా తరగతులకు వచ్చిన స్త్రీలు సారాకు ఎదురు తిరిగారు. ఆ ఉద్యమ ఫలితంగా 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధం తొలగిపోయింది. చట్టము దుకాణాన్ని మూయగలదు గాని, వ్యసనపరునికి చికిత్స, ఇంటికి ఆదరణ వేరుగా ఏర్పాటు చేయవలసిందే.

5. లేఖన పరిశీలన

సామెతలు 23:29-35 మద్యపానాన్ని ఖండించడమే గాక దాని లక్షణాలను వరుసగా వర్ణిస్తుంది. కారణం తెలియని గాయాలు, ఎర్రబడిన కళ్లు, వింతలు కనబడటం, దెబ్బ తగిలినా తెలియకపోవడం అందులో ఉన్నాయి. చివరకు మేలుకొనగానే మళ్లీ దాన్నే వెదకాలనే కోరికతో భాగము ముగుస్తుంది. యూయింగ్ నాలుగవ ప్రశ్నను ఇది గుర్తు చేస్తుంది. పాపమనే మాటను లేఖనము తగ్గించదు, కాని చిక్కుకున్నవాని దుస్థితినీ దాచదు.

కుటుంబ పరిచర్యకు 1 సమూయేలు 25వ అధ్యాయము మంచి పాఠము. నాబాలు మిక్కిలి మత్తుగా ఉన్న రాత్రి అబీగయీలు అతనితో ఏమీ మాట్లాడలేదు. తెల్లవారి మత్తు దిగిన తరువాతే జరిగినది తెలియజేసింది (25:36, 37). అంతకుముందే భర్త మూర్ఖత్వానికి ఇంటివారు బలి కాకుండా, అతనితో చెప్పకుండానే బయలుదేరి వారిని కాపాడింది. భర్త మారేవరకు మౌనంగా దెబ్బలు భరించడమే భక్తి అని బోధించేవారు ఈ అధ్యాయాన్ని మళ్లీ చదవాలి.

6. కాపరి చేయగలిగినవి

1. మత్తులో ఉన్నవానితో వాదించవద్దు. ఉదయం మాట్లాడండి. నిందతో గాక, జరిగిన సంగతులతో మొదలుపెట్టండి.

2. రోజూ తాగేవాడు మానాలనుకుంటే ముందుగా జిల్లా ఆసుపత్రికి లేదా డి-అడిక్షన్ కేంద్రానికి వెంట వెళ్లండి. జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఉచితంగా సలహా ఇస్తుంది. మూర్ఛ, మతి తప్పడం, జ్వరం కనబడితే ప్రార్థిస్తూనే 108కి ఫోన్ చేయండి.

3. "అయ్యగారూ, మా ఆయన కోసం ప్రార్థన చేయండి" అని వచ్చిన స్త్రీని, ఇంట్లో నీవు, పిల్లలు క్షేమంగా ఉన్నారా అని కూడా అడగండి. అమ్మగారు వేరుగా మాట్లాడితే ఇంకా మంచిది. హింస ఉంటే ఆమెను తిరిగి పంపి సర్దుకోమనవద్దు. 2005 గృహహింస చట్టము ఆమెకు రక్షణ ఇస్తుంది. మహిళల హెల్ప్‌లైన్ 181, పిల్లలకు 1098.

4. మానినవారికి తోడు కావాలి. 1935లో అమెరికాలో ఇద్దరు వ్యసనపరులు ఒకరికొకరు తోడుగా నిలవడంతో ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. కుటుంబాల కోసం 1951లో అల్-అనాన్ ఏర్పడింది. అట్టి కూటానికి సంఘపు గది ఇవ్వడం మంచి పరిచర్య.

5. ప్రభురాత్రి భోజనములో ద్రాక్షారసము వాడే సంఘాలు, మానినవాని సంగతి ఆలోచించాలి. పులియని ద్రాక్షరసాన్ని 1869లో థామస్ వెల్చ్ తయారుచేసింది తన సంఘ బల్ల కోసమే.

6. మళ్లీ తాగితే అంతా వ్యర్థమైందని తీర్మానించవద్దు. దీర్ఘకాల వ్యాధుల్లో తిరగబెట్టడం సాధారణమే. తిరిగి రావడానికి సిగ్గుపడని చోటుగా సంఘము ఉండాలి.

ముగింపు

లాజరును సమాధిలోనుండి పిలిచినది ప్రభువే. అతని కట్లు విప్పే పని మాత్రం ఆయన చుట్టూ ఉన్నవారికి అప్పగించాడు (యోహాను 11:44). బలిపీఠము ముందు మోకరించిన సహోదరుని విషయంలో మన పని అదే. ఆ రాత్రి ప్రార్థన ముగిసిన తరువాత, రేపు ఉదయం అతనితోపాటు ఆసుపత్రికి ఎవరు వెళ్తారు, ఇంటిదగ్గర అతని భార్యాపిల్లలను ఎవరు చూసుకుంటారు అనే రెండు ప్రశ్నలకు జవాబు దొరికాకే కాపరి ఇంటికి వెళ్లాలి.