దండిగానహళ్లి చెరువులో తేలిన యాంటెనా

2020 ఆరంభంలో మన చిక్కబళ్లాపుర జిల్లాలోని దండిగానహళ్లి చెరువులో ఒక తెప్ప తేలింది. దాని మీద జాలర్లు లేరు, వలలు లేవు. శంకువు ఆకారంలో ఒక యాంటెనా ఉంది. బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థ తయారుచేసిన ఆ పరికరం పేరు ‘సారస్-3’. అది వెతికింది తొలి నక్షత్రాలు వెలిగిన కాలపు హైడ్రోజన్ వాయువు జాడను.

కోట్ల ఏళ్ల నాటి వాయువు జాడ ఇప్పుడెలా దొరుకుతుందని పిల్లలు అడుగుతారు. ముందు క్వేజార్ల సంగతి చెప్పాలి. ఇవి ఎంతో దూరాన ఉన్న, అతి ప్రకాశవంతమైన గెలాక్సీ కేంద్రాలు. వాటి వెలుగు మనల్ని చేరే దారిలో అడ్డుపడిన ప్రతి హైడ్రోజన్ మేఘమూ 121.6 నానోమీటర్ల కాంతిని కొంత మింగి, వర్ణపటంలో ఒక నల్ల గీత మిగులుస్తుంది. విశ్వం విస్తరిస్తోంది కనుక ఆ గీత ఎరుపు వైపు జరుగుతుంది. ఎంత ఎక్కువ జరిగితే మేఘం అంత పాత కాలానిది. దగ్గరి క్వేజార్లలో ఈ గీతలు పలచగా ఉంటాయి. దూరం వెళ్లేకొద్దీ అడవిలా దట్టమవుతాయి. శాస్త్రవేత్తలు దానికి పెట్టిన పేరు కూడా ‘లైమన్-ఆల్ఫా అడవి’. విశ్వం వయసు వంద కోట్ల ఏళ్లు నిండకముందు నాటి క్వేజార్లలో గీతలు విడిగా కనబడవు, ఆ భాగమంతా చీకటే. నక్షత్రాల కాంతి అప్పటికి ఆ వాయువును పూర్తిగా మార్చలేదన్నమాట.

ఇంకా వెనక్కి వెళ్తే క్వేజార్లే ఉండవు. అక్కడ దీపం విశ్వమంతా నిండిన నేపథ్య వికిరణమే. అందులో హైడ్రోజన్ మింగిన 21 సెంటీమీటర్ల రేడియో తరంగం సాగి సాగి, మన ఎఫ్‌ఎం స్టేషన్లకు కాస్త కింద లోటుగా కనబడాలి. 2018లో ఆస్ట్రేలియాలోని ‘ఎడ్జెస్’ పరికరం 78 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ లోటు దొరికిందని ప్రకటించింది. ఊహించిన దానికి రెండింతలకు పైగా లోతు! దాన్ని వివరించడానికి కొత్త సిద్ధాంతాలే పుట్టుకొచ్చాయి.

సారస్‌ను చెరువులో ఎందుకు దించారు? యాంటెనా కింద మట్టి, రాయి పొరలుంటే కొలత తప్పుదారి పడుతుంది. నీరైతే అంతటా ఒకేలా ఉంటుంది. మన చెరువు తర్వాత శరావతి వెనుక జలాల్లోనూ తెప్ప వేశారు. 2022 ఫిబ్రవరిలో ‘నేచర్ ఆస్ట్రానమీ’లో ఫలితం వచ్చింది: ఎడ్జెస్ చెప్పిన లోటు లేదు, 95.3 శాతం నమ్మకంతో.

పాఠ్యపుస్తకాల్లో కనుగొన్న కథలే ఉంటాయి, పరీక్షించి కాదన్న కథలు అరుదు. బాగేపల్లి, చింతామణి తెలుగు తరగతుల్లో ఈ కథను ఇంటి భాషలోనే చెప్పవచ్చు. పాత సీడీ ఒకటి చాలు. దాని మీద ఫిలమెంట్ బల్బు వెలుగు పడితే రంగులు అతుక్కుని ఉంటాయి, ట్యూబ్‌లైట్‌వి విడివిడిగా కనిపిస్తాయి. ఆ తేడా ఎందుకో ముందు పిల్లల్నే చెప్పనివ్వండి.