మతిమరుపు ఒక్కటే కాదు

ఏప్రిల్, మే నెలల్లో రాప్తాడు ఎండ 40 డిగ్రీలు దాటడం ఎవరికీ కొత్త కాదు. డిమెన్షియా ఉన్న అవ్వాతాతలకు మాత్రం ఆ నెలలు గండమే. వాళ్లు పేర్లు మరిచిపోతే ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. మంచం మీద నుంచి లేవగానే రక్తపోటు పడిపోతే తెలియదు.

దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని లాసీ-డాడ్ అధ్యయనం అంచనా. వీళ్ల గురించి మాట్లాడేటప్పుడు మన ధ్యాసంతా జ్ఞాపకశక్తి మీదే ఉంటుంది. గుండె వేగం, చెమట, పేగుల కదలిక వంటివాటిని మన ప్రమేయం లేకుండా నడిపే స్వయంచోదిత నాడీ వ్యవస్థ సంగతి ఎవరూ ఎత్తరు.

మనిషి లేచి నిలబడితే సుమారు అర లీటరు రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగిపోతుంది. మెడలోని ధమనుల దగ్గరున్న నాడులు వెంటనే పసిగట్టి మెదడుకు కబురు పంపుతాయి. క్షణాల్లో రక్తనాళాలు బిగుస్తాయి, గుండె వేగం పెరుగుతుంది. డిమెన్షియాలో ఈ ఏర్పాటు మందగించవచ్చు. లూయీ బాడీ డిమెన్షియాలో ఇది మరీ ఎక్కువ. జపాన్ వైద్యుడు కెంజి కొసాకా 1976లో వివరించిన ఈ జబ్బులో హానికర ప్రోటీన్ మెదడులోనే కాక గుండెకు, పేగులకు వెళ్లే నాడుల్లోనూ పేరుకుంటుంది. అందుకే మతిమరుపుకు కొన్నేళ్ల ముందే మలబద్ధకం మొదలుకావచ్చు.

ఎండాకాలంలో ఇంకో చిక్కు ఉంది. వయసుతోపాటు దాహం తెలియడమూ తగ్గుతుంది. దప్పికైనా అడగాలని తోచనివాళ్లకు గంటగంటకూ నీళ్లో మజ్జిగో చేతికివ్వాలి. గుండె, కిడ్నీ జబ్బులుంటే ఎంత తాగాలో డాక్టరే చెప్పాలి. ఒంట్లో నీరు తగ్గితే అయోమయం పెరుగుతుంది. జబ్బు ముదిరిందని ఇంట్లోవాళ్లు దిగులుపడేది చాలాసార్లు అప్పుడే.

లేవగానే రక్తపోటు పడిపోతోందేమో కనిపెట్టడానికి బెంగళూరు దాకా పోనక్కర్లేదు, బీపీ మిషన్ చాలు. అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డాక మూడు నిమిషాల లోపు మరోసారి చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే డాక్టరుకు చెప్పాలి. కూర్చోబెట్టి ఒక్కసారే చూస్తే ఈ తేడా బయటపడదు.

వేసుకునే మాత్రలన్నీ డాక్టరుకు చూపించాలి. కొన్ని బీపీ మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు నిలబడ్డప్పుడు రక్తపోటును ఇంకా తగ్గిస్తాయి. మతిమరుపుకు ఇచ్చే డోనెపెజిల్ కొందరిలో గుండె వేగాన్ని తగ్గించి స్పృహ తప్పేలా చేస్తుంది. అలా జరిగితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మాత్ర ఆపాలా, మోతాదు మార్చాలా అన్నది అక్కడ తేలుతుంది.